చిగుళ్ళ నుంచి రక్తం, పళ్ళ వెనక గార: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి 54 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగరు. బ్రష్ పెడితే రక్తం వస్తోంది. కింది ముందుపళ్ళ వెనక గార గోడలా కట్టింది, వాటిలో ఒక పన్ను కాస్త కదులుతోంది. ఇరుగుపొరుగు మాత్రం "క్లీనింగ్ జోలికి వెళ్ళొద్దు, ఉన్న పళ్ళు కూడా ఊడతాయి" అంటున్నారు. చేయించాలా వద్దా, అక్కడ ఏం చేస్తారు, హైజీనిస్టు అంటే ఎవరు, ఎన్నాళ్ళకోసారి చేయించాలి, మళ్ళీ పట్టకుండా ఇంట్లో ఏం చెయ్యాలి అని అడిగారు.

చేయించండి. ఈ వారంలోనే తీసుకెళ్ళండి. అయితే "గార తీయించుకొచ్చాం, పనైపోయింది" అనుకుంటే సగం పనే అయినట్టు. కుర్చీలోంచి లేచేలోపు ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిపించి కాగితం మీద రాయించుకోవాలి. ఇంటికొచ్చాక ఆ చిగురంచున పాచిని రోజూ తీయాలి. కళ్ళకి కనబడే గార కంటే చిగురు కింద దాగిన గార ఎక్కువ చెరుపు చేస్తుంది. దాన్ని కొలిస్తేనే తెలుస్తుంది, అద్దంలో చూస్తే తెలియదు.

ముందు గార ఎలా వస్తుందో చూద్దాం. చిగురుని ఆనుకున్న చోట పంటి మీద వేలిగోరుతో మెల్లిగా గీసి చూడండి. గోటికి తెల్లగా, మెత్తగా మీగడలాంటిది అంటుకుంటుంది. అదే పాచి. మెతుకుల మిగులనుకుంటారు గానీ అది బతికున్న సూక్ష్మజీవుల పొర. పుక్కిలిస్తే పోదు, ఒరిపిడితోనే పోతుంది. శుభ్రంగా తోమిన కొన్ని గంటలకే మళ్ళీ పేరుకోవడం మొదలవుతుంది. తీయకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు అందులోకి దిగి 1 నుంచి 3 రోజుల్లో గట్టిపడటం మొదలుపెడుతుంది, 10-12 రోజుల్లో రాయిలా బిగుస్తుంది. అదే గార. పాచిదాకానే బ్రష్ పని. గారైపోయాక ఏ బ్రష్షూ, ఏ పేస్టూ దాన్ని కదల్చలేవు.

కింది ముందుపళ్ళ వెనకే ఎందుకు ఎక్కువ అంటే, నాలుక కింద ఉమ్మి ఊరే గొట్టాలు సరిగ్గా అక్కడే తెరుచుకుంటాయి. పై దవడపళ్ళకి బుగ్గ వైపు కూడా అంతే, అక్కడ ఇంకో గ్రంథి గొట్టం తెరుచుకుంటుంది. ఈ రెండు చోట్లా గార మిగతా చోట్ల కంటే ముందు, మిగతా చోట్ల కంటే మందంగా పడుతుంది. నరసాపురం, అంతర్వేది, రాజోలు వైపు బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి "నీళ్ళ వల్లే గార" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. గారలో ఉండే ఖనిజం మన ఉమ్మిలోంచి వచ్చేదే. నీళ్ళు మార్చి, ఫిల్టరు పెట్టించి, తోమే తీరు మార్చకపోతే గార మళ్ళీ అదే చోట అంతే పడుతుంది.

రక్తం సంగతి. గట్టిగా ఉన్న చిగురు బ్రష్ తగిలితే కారదు. కారుతోందంటే పాచి అక్కడ నిలవుందని, దానితో పోరాడటానికి ఒంట్లోని రక్తం చిగురులోకి ఎగబాకిందని అర్థం. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టిన వారానికల్లా మామూలయ్యాయి. ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. రక్తం వస్తోందని భయపడి సరిగ్గా అక్కడే బ్రష్ పెట్టడం మానేస్తారు. పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా పెరుగుతుంది. రక్తం వచ్చేచోటే మెత్తటి బ్రష్‌తో ఇంకాస్త ఓపిగ్గా తోమాలి. గార లేని చోట వారం పదిరోజుల్లో అదే ఆగుతుంది.

వాపు చిగురు దగ్గరే ఉన్నంతకాలం పూర్తిగా నయమవుతుంది. ఏళ్ళతరబడి వదిలేస్తే పంటికీ చిగురుకీ మధ్య ఉన్న అతుకు ఊడి, చిగురు జేబులా తెరుచుకుంటుంది. దాన్నే డాక్టర్లు పాకెట్ అంటారు. ఆ జేబులో పాచి, గార కిందికి దిగుతుంటే పంటిని పట్టి ఉంచే దవడ ఎముక తరుగుతూ పోతుంది. తరిగిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. ఇందులో నొప్పి దాదాపు ఉండదు, అందుకే జనం ఆలస్యంగా వస్తారు. పిప్పిపన్ను రాత్రి నిద్ర పట్టనివ్వదు కాబట్టి మర్నాడే పరుగెడతారు. చిగుళ్ళ జబ్బు పన్ను కదిలేదాకా చప్పుడు చేయదు.

ఇక ఇరుగుపొరుగు మాట. వాళ్ళు చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. ఎముక తరిగిపోయిన పళ్ళని ఒక్కోసారి గారే సిమెంటు పూసినట్టు పక్కపళ్ళతో కలిపి పట్టి ఉంచుతుంది. ఆ గార తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. గోడకి చెదపట్టి లోపలంతా డొల్లైపోతే పైనున్న సున్నం పొర గోడని నిలబెట్టినట్టు కనిపిస్తుంది, ఇదీ అలాంటిదే. గార తీసి, వాపు తగ్గి, చిగురు బిగిశాక కొద్దిగా కదిలే పళ్ళు చాలావరకు గట్టిపడతాయి. పక్కకి 1 మిల్లీమీటరు లోపు కదిలే పన్ను మీద ఆశ వదలక్కర్లేదు. అంతకంటే ఎక్కువ కదిలితే కింది ముందుపళ్ళని వెనకవైపు సన్నటి తీగ, తెల్ల సిమెంటుతో కలిపి కడతారు, బాగానే నిలుస్తుంది. వేలితో నొక్కితే కిందికి కూడా దిగే పన్నుని మాత్రం ఉంచడం కష్టం. దాన్ని తీయాల్సి వస్తే ఆ తప్పు క్లీనింగ్‌ది కాదు.

కొలత గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో తరచూ వదిలేసేది ఇదే. ప్రోబ్ అనే సన్నటి పుల్లలాంటి పరికరం ఉంటుంది, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య, గోటి మీద నొక్కితే తెల్లబడేంత తేలిక ఒత్తిడితో దింపి, ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలుస్తారు: బుగ్గ వైపు మూడు, నాలుక వైపు మూడు. 1 నుంచి 3 వస్తే ఆరోగ్యం. 4, 5 వస్తే పాకెట్ మొదలైంది. 6, ఆ పైన వస్తే మామూలు క్లీనింగ్ సరిపోదు. అంకెతో పాటు తాకినప్పుడు రక్తం వచ్చిందా లేదా కూడా రాస్తారు. 28 పళ్ళుంటే 168 అంకెలు. చెప్పేవారొకరు, రాసేవారొకరు ఉంటే పదిపదిహేను నిమిషాల్లో అయిపోతుంది. "డాక్టరుగారూ, పాకెట్లు కొలిచి చార్టు ఇస్తారా?" అని ముందే అడగండి. మొహమాటం వద్దు. ఆ కాగితం లేకపోతే మూడు నెలల తర్వాత తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పలేరు. ఎముక ఎంతుందో చూడటానికి ఎక్స్‌రే కూడా కావాలి. మీ అమ్మగారికి కదిలే పన్ను ఉంది కాబట్టి ఆ భాగానికి చిన్న ఎక్స్‌రే తప్పదు.

వెళ్ళేముందు కొన్ని జాగ్రత్తలు. షుగరున్నవాళ్ళు పొద్దున్నపూట, టిఫిన్ తిని, మాత్ర లేదా ఇన్సులిన్ ఎప్పట్లాగే తీసుకుని వెళ్ళాలి. దంతాల డాక్టరు దగ్గరికి కదా అని పరగడుపున వెళితే కుర్చీలోనే షుగరు పడిపోవచ్చు. వాడే మాత్రల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. క్లీనింగ్‌కి వచ్చే రక్తం గుడ్డతో నొక్కితే ఆగుతుంది, మాత్ర ఆపితే వచ్చే గుండెపోటు ఆగదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రకం మందులు వాడేవాళ్ళు తాజా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) రిపోర్టు చూపించాలి. కృత్రిమ గుండె కవాటం పెట్టించుకున్నవాళ్ళకి ముందుగా యాంటీబయాటిక్ మోతాదు అవసరమవుతుంది, పేస్‌మేకరున్నవాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్ళు పళ్ళ మీదికి గడ్డల్లా పెరుగుతాయి. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్‌తోనూ అంతే. పాచి ఉన్నచోటే ఇది విజృంభిస్తుంది.

కుర్చీలో జరిగేది ఇదీ. ముందు మందునీళ్ళతో పుక్కిలింపిస్తారు. తర్వాత గార తీసే యంత్రం, అల్ట్రాసోనిక్ స్కేలరు. దాని మొన సెకనుకి 25 వేల నుంచి 50 వేల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి గార పెళ్ళలుగా విరిగి ఊడుతుంది. మొన చివరతో పొడవరు. దాని పక్కభాగాన్ని పంటికి దాదాపు సమాంతరంగా, 15 డిగ్రీల లోపు వాల్చి, తేలికగా తడిమినట్టు కదుపుతూ ఉంటారు. గట్టిగా నొక్కితే కంపనం ఆగిపోతుంది, పంటి మీద గీతలూ పడతాయి. మొన మీద నీళ్ళు చిమ్ముతూనే ఉండాలి. నీళ్ళు లేకుండా నడిపితే వేడి పంటి నరానికి తగులుతుంది. కాబట్టి నోరంతా నీళ్ళైపోతోందని విసుక్కోవద్దు, పక్కనున్న సక్షన్ గొట్టం లాగేస్తుంది. ఊపిరి ముక్కుతోనే తీసుకోమని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. సగంమంది కంగారు అక్కడే తగ్గుతుంది. మిగిలిన చిన్న పెళ్ళలు చేతి పరికరాలతో తీసి, చివర రబ్బరు కప్పుతో పాలిష్ చేస్తారు. పాలిష్ అందానికే కాదు, గరుకుగా మిగిలిన చోట పాచి త్వరగా పట్టుకుంటుంది. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట. పది నిమిషాల్లో "అయిపోయిందండి" అంటే పైపైన చేసినట్టే అనుకోండి.

పంటి పైపొర ఎనామెల్ అరుగుతుందన్న భయం ఉంటుంది. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం ఎనామెల్, సరిగ్గా వాడిన స్కేలరు దాన్ని అరగదీయదు. అరిగిన మొనలతోనే అసలు ఇబ్బంది. మొన 1 మిల్లీమీటరు అరిగితే పనితనం పావువంతు పడిపోతుంది, 2 మిల్లీమీటర్లు అరిగితే సగానికి పడిపోతుంది, అప్పుడు పారేయాలి. పాత మొనతో చేసేవాళ్ళు ఆ లోటు నొక్కి భర్తీ చేస్తారు. నొప్పీ, జివ్వుమనడమూ అక్కడే ఎక్కువ. పరికరాల కవరు మీ ఎదుటే చింపారా లేదా చూడండి. ఆవిరితో క్రిములని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి తీసినవైతే సీలు వేసిన కవర్లోనే ఉంటాయి. సంతల్లో, జాతరల్లో ఏదో ద్రావకం రాసి నిమిషంలో పళ్ళు తెల్లగా చేసేవాళ్ళ దగ్గర మాత్రం కూర్చోబెట్టకండి. ఆ ద్రావకం యాసిడ్ అయితే గారతో పాటు ఎనామెల్ కూడా కరుగుతుంది, కరిగిన ఎనామెల్ తిరిగి రాదు.

హైజీనిస్టు అంటే ఎవరని అడిగారు. మన దేశంలో 1948 దంతవైద్యుల చట్టమే ఈ వృత్తిని గుర్తించింది: డాక్టరు కాకుండా పళ్ళ గార తీయడం, శుభ్రం చేయడం, పాలిష్ పెట్టడం, నోటి శుభ్రత నేర్పడం చేసేవారు. రెండేళ్ళ డిప్లొమా చదివి రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. పేరు కొత్తగా అనిపించడానికి కారణం, మన జిల్లాల్లో క్లినిక్కుల్లో వీళ్ళు అరుదు. బీడీఎస్ డాక్టరే క్లీనింగ్ చేస్తారు. దాంతో తప్పేం లేదు. అయితే హైజీనిస్టు పనిలో సగం బ్రష్ పట్టుకోవడం నేర్పించడమే. హడావిడి క్లినిక్కులో ఎగిరిపోయేది ఆ సగమే. పాకెట్లు 5, 6 దాటితే చిగుళ్ళలో ఎండీఎస్ చేసిన పెరియోడాంటిస్టుకి చూపించాలి. మీకు భీమవరం దగ్గరే, విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. రాజమండ్రి వైపువాళ్ళకి జీఎస్ఎల్ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో చిగుళ్ళకి విడిగా విభాగముంటుంది, విద్యార్థులు చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, కానీ చార్టు పద్ధతిగా రాస్తారు, వెనక ప్రొఫెసరు సరిచూస్తారు. పూట ఖాళీ పెట్టుకుని వెళ్ళగలిగితే నేను అదే మంచిదంటాను.

లోతు పాకెట్లుంటే డీప్ క్లీనింగ్ చేయాలంటారు. మత్తు సూది వేసి, చిగురు కింద పంటి వేరు మీద పేరుకున్న నల్లటి గారని ప్రత్యేకమైన వంపు పరికరాలతో గీకి, వేరుని నున్నగా చేస్తారు. పైన కనబడే గార పసుపుగా, పెళుసుగా ఉంటుంది. కింది గార నల్లగా, వేరుకి కరుచుకుని ఉంటుంది, అందుకే సమయం పడుతుంది. నోటిని నాలుగు భాగాలు చేసుకుని రెండు మూడు దఫాలుగా చేస్తారు. వెంటనే చిగుళ్ళ ఆపరేషన్ అన్నవాళ్ళని కాస్త ఆగమనండి. డీప్ క్లీనింగ్ తర్వాత 6 నుంచి 8 వారాలాగి, మళ్ళీ కొలిచి, అప్పటికీ 6 మిల్లీమీటర్లు, ఆ పైన రక్తంతో మిగిలిన చోట్లకే ఆపరేషన్ ఆలోచన.

తర్వాతి వారం రోజులు ఎలా ఉంటుందో అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే "క్లీనింగ్‌తో పళ్ళు పాడైపోయాయి" అన్న మాట ఊళ్ళో ఇంకోటి పుడుతుంది. ఒకటి రెండు రోజులు ఉమ్మిలో రక్తపు చారలు కనిపిస్తాయి. చల్లనీళ్ళు, మజ్జిగ జివ్వుమంటాయి, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రోజుకి రెండుసార్లు వాడాలి, పనిచేయడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. పళ్ళ మధ్య సందులు కొత్తగా కనిపిస్తాయి. వాచిన చిగురు దిగడం వల్లా, నిండి ఉన్న గార పోవడం వల్లా బయటపడ్డవే అవి. నాలుకకి కొన్నాళ్ళు పళ్ళు వేరేవాళ్ళవేమో అన్నట్టుంటుంది. గోరువెచ్చటి గ్లాసుడు నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకి మూడుసార్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. ఆవకాయ, కొత్త మాగాయ రెండు రోజులు పక్కన పెట్టండి.

డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి మందు రాస్తే 0.2 శాతం ఉన్నది 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు మించకుండా. ఎక్కువ వాడితే పళ్ళకి గోధుమరంగు మచ్చలు పడతాయి, నాలుకకి రుచి మారుతుంది. కాఫీ, టీలు తాగేవాళ్ళకి మచ్చ ఇంకా త్వరగా పడుతుంది. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలిస్తే పేస్టులో నురగ పదార్థం మందుని చంపేస్తుంది, అరగంట ఎడం ఉంచాలి. మందుల షాపులో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కొనుక్కుని చిగుళ్ళ వాపుకి మింగే అలవాటు మన దగ్గర బాగా ఉంది. గార అలాగే ఉండగా మాత్ర వేస్తే పాచి పొర లోపలికి మందు సరిగ్గా చేరదు. నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, నెలకి మళ్ళీ వాస్తుంది.

ఇప్పుడు ఇంట్లో పని. అంట్లు తోమినట్టు అడ్డంగా రుద్దితే పళ్ళ మధ్యభాగం మెరుస్తుంది, చిగురంచున పాచి అలాగే ఉంటుంది, పైగా చిగురు పైకి తగ్గి వేరు బయటపడుతుంది. మెత్తటి బ్రష్ తీసుకోండి. కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద పడేలా 45 డిగ్రీలు వాల్చండి. కుచ్చు చివరలు అంచు లోపలికి దిగినట్టు అనిపించాలి. అక్కడే ఉంచి, కదిలీ కదలనట్టు పది లెక్కపెట్టేదాకా ఆడించి, తర్వాత పంటి చివరి వైపు ఒక్కసారి ఊడ్చండి. ఒక్కో విడతకి రెండు పళ్ళు. మీ అమ్మగారికి ముఖ్యమైన చోటు కింది ముందుపళ్ళ వెనక. అక్కడ బ్రష్‌ని నిలువుగా పట్టుకుని, బ్రష్ ముందుభాగంతో కింది నుంచి పైకి లాగాలి. రోజూ అక్కడే మొదలుపెట్టమనండి, చివర పెట్టుకుంటే చెయ్యి అలిసిపోయి వదిలేస్తారు. రెండు పూటలా, పూటకి రెండు నిమిషాలు. రాత్రి పడుకునే ముందు పూట అసలు తప్పకూడదు, నిద్రలో ఉమ్మి తగ్గి పాచికి అడ్డుండదు. నెలరోజులకే కుచ్చు విచ్చుకుంటోందంటే ఒత్తిడి ఎక్కువైనట్టు. మూడు నెలలకి బ్రష్ మార్చాలి.

బ్రష్ ఎంత బాగా పట్టినా రెండు పళ్ళ మధ్యకి దూరదు. చిగుళ్ళ జబ్బు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. సందులున్న పళ్ళకి సన్నటి సీసా బ్రష్‌లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు అమ్ముతారు. కింది ముందుపళ్ళకి 0.4 మిల్లీమీటర్ల సన్నవి, దవడపళ్ళకి 0.7, 0.8 వరకు ఉన్నవి అవసరపడతాయి. కాస్త బిగువుగా దూరాలి, తీగ పంటికి గీసుకోకూడదు. కొలత మొదటిసారి క్లినిక్కులోనే పెట్టి చూపించమనండి. పళ్ళు దగ్గరగా ఉన్నవాళ్ళకి పళ్ళ దారం (డెంటల్ ఫ్లాస్). సుమారు మూరెడు, 45 సెంటీమీటర్లు తీసుకుని రెండు మధ్యవేళ్ళకి చుట్టి, మెల్లిగా దింపి, ఒక పంటిని కౌగిలించినట్టు వంచి పైకీ కిందికీ లాగి, తర్వాత పక్కపంటికి అలాగే చెయ్యాలి.

కొబ్బరి చీపురు నుంచి ఈనె లాగి పళ్ళు కుట్టుకోవడం మన డెల్టాలో అరుగు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ అలవాటే, గుండుసూదులు వాడేవాళ్ళూ ఉన్నారు. రెండు పళ్ళ మధ్య చిగురు చిన్న కోనులా పైకి ఉంటుంది. ఈనె ప్రతిసారీ ఆ కోనుని కిందికి నొక్కుతుంది. కొన్నాళ్ళకి కోను కుంగి సందు పడుతుంది, సందు పడ్డాక చేప ముక్క, పనసపొట్టు పీచు ఇంకా ఎక్కువ ఇరుక్కుంటాయి, మళ్ళీ ఈనె కావాలి. పైగా దాని మొన విరిగి చిగురులో ఉండిపోతే చీము పడుతుంది. ఒకే చోట రోజూ మాంసమో పీచో ఇరుక్కుంటోందంటే అక్కడ పిప్పి ఉందో, పాత సిమెంటు అంచు విరిగిందో చూపించాలి. అది సరిచేస్తే ఇరుక్కోవడమే ఆగుతుంది.

పేస్టు ఏదైనా ఫ్లోరైడ్ ఉన్నది సరిపోతుంది, శనగగింజంత చాలు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి మాన్పించండి. అవి పాచిని తీసే మాట నిజమే గానీ పంటినీ కలిపి తీస్తాయి, ముఖ్యంగా చిగురు తగ్గి బయటపడ్డ వేరుని. వేపపుల్ల మీద ఇష్టముంటే పొద్దున్న నమిలి కుచ్చు మెత్తగా చేసుకుని తోముకోమనండి, తప్పులేదు. కానీ పళ్ళ వెనక అది వంగదు, గార పట్టేదేమో వెనకే. నూనె పుక్కిలించడం వల్ల నష్టం లేదు, బ్రష్‌కి బదులు మాత్రం కాదు.

షుగరుకీ చిగుళ్ళకీ రెండువైపులా పేచీ. షుగరు ఎక్కువుంటే చిగురు త్వరగా చెడుతుంది, మెల్లిగా మానుతుంది. చిగుళ్ళలో చీము నిలవుంటే షుగరు అదుపులోకి రాదు. చిగుళ్ళ చికిత్స చేయించిన మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం వరకు తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. అందుకని "షుగరు తగ్గాక క్లీనింగ్ చూద్దాం" అని వాయిదా వేయకండి. క్లీనింగ్ చార్టు షుగరు డాక్టరుకీ చూపించండి.

ఇంట్లో మగవాళ్ళు లంక పొగాకు చుట్టలు కాల్చేవాళ్ళయితే వాళ్ళనీ కూర్చోబెట్టి కొలిపించండి. పొగ చిగురులో రక్తనాళాలని కుదిస్తుంది, కాబట్టి లోపల ఎముక కరుగుతున్నా బయటికి రక్తం రాదు. "నాకు రక్తమే రాదు, నా చిగుళ్ళు ఉక్కు" అనే చుట్టరాయుళ్ళకే పాకెట్లు ఎక్కువ లోతుగా బయటపడుతుంటాయి. కిళ్ళీ ఎర్రమచ్చలు పాలిష్‌తో పోతాయి గానీ వక్క అసలు ప్రమాదం వేరే. నోరు క్రమంగా బిగుసుకుపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా పెట్టేంత నోరు తెరుచుకోకపోతే ఆ రోజే చూపించాలి. ఇక నెల తప్పిన ఆడపిల్లలకి హార్మోన్ల వల్ల చిగుళ్ళు వాచి కారతాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య క్లీనింగ్ నిశ్చింతగా చేయించొచ్చు.

ఎన్నాళ్ళకోసారి అన్నదానికి అందరికీ ఒకే లెక్క లేదు. చిగుళ్ళు బాగుండి, పొగ, షుగరు లేనివాళ్ళకి ఏడాదికోసారి చాలు. మీ అమ్మగారికి మొదటి ఏడాది మూడు నెలలకోసారి. ఎందుకు మూడంటే, శుభ్రం చేసిన పాకెట్‌లో చెడ్డ సూక్ష్మజీవులు మళ్ళీ బలపడటానికి 9 నుంచి 12 వారాలు పడుతుంది, వాటికి ఆ గడువు ఇవ్వకూడదు. అంకెలు 4 లోపు నిలబడి రక్తం ఆగితే ఆరునెలలకి సాగదీయొచ్చు.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు పాత చార్టు తీసుకెళ్ళి, పక్కనే కొత్త అంకెలు రాయించండి. 5 ఉన్నది 3కి వచ్చిందంటే ఇంట్లో తోమే తీరు కుదిరినట్టే. ఒకటి రెండు చోట్లే మొండికేస్తే అక్కడ గార మిగిలిందో, బ్రష్ చేరడం లేదో అద్దం పట్టి చూపించమని అడగండి. ఈలోపు చిగురు మీద చీముపొక్కు లేచినా, ఒకే రోజులో పన్ను ఎత్తుగా, నొప్పిగా అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా మర్నాడే వెళ్ళాలి. జ్వరంతో పాటు దవడ కింద వాపు, మింగడం కష్టం, నోరు తెరుచుకోకపోవడం కనిపిస్తే దంతాల క్లినిక్కు కాదు, రాత్రైనా సరే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికే తీసుకెళ్ళండి. షుగరున్నవాళ్ళలో ఆ వాపు గంటల్లో గొంతు వైపు పాకుతుంది.